పిడికిలి కొలత

మొగుడంపల్లి నుంచి జహీరాబాద్ వచ్చే పొద్దుటి బస్సులో బాలమణి జడ మళ్లీ ఇరుక్కుంది. ఈసారి ఒక కాలేజీ పిల్ల భుజాన వేలాడుతున్న బ్యాగు జిప్పులో. అడుగు ముందుకు వేసేసరికి మెడ వెనక్కి గుంజినట్టయి, చేతిలోని టికెట్ మిషన్ వెళ్లి ఎదుటి సీట్లోని ముసలాయన నెత్తికి తగిలింది. చిల్లర ఇవ్వనందుకే కొట్టిందనుకున్నాడేమో, ఆయన తలపాగా సర్దుకుని గబగబా జేబులు వెతకడం మొదలుపెట్టాడు.

ఆ పిల్ల తప్పయిపోయిందంటూ జిప్పు ఊడదీసే లోపే బర్రెలు అడ్డం వచ్చాయని డ్రైవర్ సదాశివ బ్రేకు వేశాడు. ఫుట్‌బోర్డు మీద చంకన పిల్లాడితో నిలబడిన ఒకావిడ, చేతికి అందిందే ఆధారమని బాలమణి జడను ఒడిసిపట్టుకుంది.

"రాడ్ పట్టుకోండ్రమ్మా, జడ గాదు" అంది బాలమణి.

బస్సంతా నవ్వింది. రోజూ నవ్వుతుంది. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయినప్పటి నుంచి ఈ రూట్లో కాలు పెట్టే జాగా లేదు. ఆ మందిలోంచి అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు జీరో టికెట్లు కొట్టుకుంటూ తిరగడమే ఆమె నౌకరీ. నడుము దాటి వేలాడే ఆ జడ సీటు కడ్డీల్లో చిక్కుకుంటుంది, కూరగాయల మూటల కింద పడుతుంది, పసిపిల్లలకు ఆటవస్తువు అవుతుంది. ముడి వేసి చూసింది. అంత బరువును ఏ పిన్నూ గంటకు మించి మోయలేదు. మధ్యాహ్నానికి మెడ నరాలు పట్టేసి, సాయంత్రానికి నొప్పి కళ్లలోకి ఎక్కేది.

బాలమణికి నలభై ఆరేళ్లు. పొట్టి మనిషి. చీర మీద ఖాకీ కోటు, కుడి భుజం మీద తోలుసంచి పట్టీ ఒరిసి ఒరిసి ఏర్పడిన నల్లటి చార. ఆమెను చూసి రెండోసారి తిరిగి చూసేవాళ్లుంటే అది జడ కోసమే. పెళ్లిచూపుల్లో కూడా అంతే జరిగింది. మల్లికార్జున్ ముఖం చూడకముందే జడ చూశాడని, జడ చూసే ఒప్పుకున్నాడని ఆయన అక్క ఇప్పటికీ హుమ్నాబాద్‌లో గొప్పగా చెప్పుకుంటుంది.

ఆ జడను ఇవాళ ఈ ట్రిప్పు కాగానే తీయించేయాలని బాలమణి నిశ్చయించుకుంది. జడ తెగడం పెద్ద కష్టమేమీ కాదు. కష్టమంతా మల్లికార్జున్‌తోనే. ఆమె మొన్న మాట వరసకు మెడ నొప్పి సంగతి ఎత్తి, జుట్టు కురచ చేయించుకుంటానంటే, ఆయన అన్నం ముందు నుంచి లేచి నిలబడ్డాడు.

"గా జడ నాది. అది కోసిన రోజు నేను గీ ఇంట్ల ఉండ. హుమ్నాబాద్ పోత. అటెంక నువ్వొచ్చి కాళ్ల మీద పడ్డా తిరిగి రాను."

ఆ బెదిరింపు కొత్తది కాదు. ఆమె కండక్టర్ నౌకరీలో చేరినప్పుడు పోతానన్నాడు. కూతురు రుచితను నర్సింగ్ చదువుకని సంగారెడ్డి పంపినప్పుడు పోతానన్నాడు. నౌకరీ అప్పుడైతే నిజంగానే పోయాడు. మొగుడు వదిలేసిన ఆడది అనే మాటకు బాలమణి ఎంత భయపడిందంటే, మూడో రోజు తెల్లారకముందే హుమ్నాబాద్ వెళ్లి, ఆడబిడ్డ వాకిట్లో నలుగురి ముందు ఆయన కాళ్లు పట్టుకుని వెంట తెచ్చుకుంది. అప్పటి నుంచి ఆయన నీలం బ్యాగు ఒకటి మంచం కింద ఎప్పుడూ సర్దే ఉంటుంది. పండగలకు దాని మీద దుమ్ము దులిపేది కూడా ఆమే.

మల్లికార్జున్ చెడ్డవాడని జహీరాబాద్‌లో ఎవరినడిగినా ఒప్పుకోరు. మార్కెట్ యార్డులో అల్లం కమీషన్ దుకాణంలో కాటా దగ్గర ఉంటాడు. తాగడు. పెళ్లాం మీద ఏనాడూ చెయ్యెత్తలేదని అందరితో చెబుతాడు. అది అక్షరాలా నిజం. ఎత్తే అవసరం రాలేదు. కోపం వస్తే ఆమె వెనక్కి వచ్చి జడను పిడికిట్లోకి తీసుకుని ఒక చుట్టు, ఇంకో చుట్టు, ఇంకో చుట్టు, ఆమె తల వెనక్కి వంగేదాకా చుట్టి, అప్పుడు చాలా మెల్లగా మాట్లాడతాడు. గొంతు పెరగదు. పక్కింటికి ఏమీ వినపడదు. ఆదివారం వస్తే అదే చేత్తో ఆ జుట్టుకు గోరువెచ్చని కొబ్బరినూనె పట్టిస్తాడు. దీన్ని ప్రేమ అనేవాళ్లు ఒక్కసారి తమ జుట్టు అట్లా చుట్టించుకుని చూస్తే బాగుంటుంది.

రుచిత చిన్నప్పటి నుంచీ అది చూస్తూ పెరిగింది. ఇంటర్ చదివే రోజుల్లో ఒక సాయంత్రం వంటింటి కత్తెరతో తన జుట్టు చెవుల దాకా తనే కత్తిరించుకుంది. తండ్రి అడిగితే పేలు పడ్డాయని చెప్పింది.

పోయిన వారం డబల్ డ్యూటీ పడి ఇంటికి ఆలస్యంగా వచ్చిన రోజున మళ్లీ ఆ చుట్టడం అయింది. తల వెనక్కి వంగినప్పుడు బాలమణికి ఫ్యాను రెక్కలకు పట్టిన దుమ్ము కనిపించింది. రేపు దులపాలి అనుకుంది. అనుకున్న మరుక్షణం తన మీద తనకే ఒళ్లు మండింది. మెడ విరుగుతుంటే కూడా ఇల్లు దులపడమే గుర్తొచ్చే బతుకు ఏం బతుకని ఆ రాత్రంతా అదే కోపం. తెల్లారినా కోపం పోలేదు, ఫ్యాను మాత్రం దులపలేదు.

బస్సు జహీరాబాద్ స్టాండులో ఖాళీ అయ్యాక బాలమణి అలవాటుగా సీట్లన్నీ వెతికింది. వెనక సీటు కింద ఎవరిదో టిఫిన్ డబ్బా దొరికింది. కంట్రోలర్ బస్వరాజ్ గదిలో మరిచిపోయిన సామాన్లు పెట్టే చెక్క అర ఒకటుంది. గొడుగులు, ఒంటి చెప్పు, పసిపిల్లల టోపీలు, ఒక కళ్లద్దాల జోడు అక్కడే పడి ఉంటాయి. కొందరు వెతుక్కుంటూ వచ్చి తీసుకుపోతారు, కొన్ని అక్కడే ఉండిపోతాయి. డబ్బా ఆ అరలో పెట్టి, కోహీర్ ట్రిప్పుకు ఇంకా టైముందని చూసుకుని, రోడ్డు దాటి అనిత పార్లర్ మెట్లెక్కింది.

అనితకు ముప్పై ఏళ్లుంటాయి. బాలమణి కనుబొమలు సరిచేసేది ఆమే. బాబ్ కట్ కావాలని చెబితే ముందు నవ్వింది, తర్వాత నిజమేనని తెలిసి కుర్చీ తిప్పి కూర్చోబెట్టింది. గోడ మీద ఫొటోలు చూపించింది. కొన్ని గడ్డం దగ్గరే ఆగిపోయినవి, కొన్ని భుజాల మీద పడేవి, కొన్ని మెట్లు మెట్లుగా ఉన్నవి. ఇంత జుట్టు ఒక్కసారి తీస్తే ఏడుస్తారని, ముందు నడుము దాకా తీసి, నెల ఆగి మళ్లీ చూద్దామని సలహా ఇచ్చింది.

"ఫొటోలు వద్దు" అంది బాలమణి. "జుట్టంత ఒక్క తాన పట్టుకో. మెడ ఎనక నుంచి పట్టుకుని నీ చేతికి చుట్టు."

అనితకు అర్థం కాలేదు. చెప్పినట్టు చేసింది. జడ ఆమె చేతికి మణికట్టు దాకా చుట్టుకుంది.

"గట్ల చుట్టుకునుడు ఉండొద్దు. పట్టుకుంటె జారిపోవాలె. గంత వరకు కొయ్యి."

అనిత చేతిలోని జుట్టు వంక, అద్దంలో బాలమణి ముఖం వంక చూసింది. పార్లర్లో పనిచేసేవాళ్లకు మెడల మీది గుర్తులు, చెవుల వెనక కమిలిన చోట్లు కనపడుతూనే ఉంటాయి. అనిత చుట్టు విప్పి, జడ మొదట్లో ఒక రబ్బరు బ్యాండు వేసి బిగించింది. కొనకు అప్పటికే బాలమణి వేసుకున్న ఎర్ర రబ్బరు బ్యాండు ఉంది.

కత్తెర ఆ దళసరి జడ గుండా కరకరమంటూ నడిచింది. ఒక్క వేటుకు తెగలేదు. తెగిన క్షణాన బాలమణి తల తనంతట తానే ముందుకు తూగింది. ఇన్నేళ్లూ వెనక్కి లాగుతున్న బరువుకు ఎదురు నిలబడటం మెడకు అలవాటైపోయింది మరి.

జుట్టు భుజాల దగ్గర నిలిచింది. అనిత దాన్ని పిడికిట పట్టి చుట్టింది. ఒక చుట్టు పడింది. బాలమణి తల అడ్డంగా ఊపింది. అనిత ఇంకొంచెం పైకి కత్తిరించి మళ్లీ పట్టింది. ఈసారి వేళ్ల సందుల్లోంచి జారిపోయింది.

"అయితే ఇంకింత పొట్టిగ చేద్దునా అక్క? పట్టుకునేటందుకే ఉండదు."

"వద్దు. ఒకల మీది కోపానికి నేనెందుకు గుండు గీయించుకుంట? చెవుల ఎనకకు దోపుకోవాలె. పువ్వు పెట్టుకోవాలె. నాకు మంచిగ అనిపియ్యాలె."

అట్లా కుదిరింది ఆ మధ్యరకం కొలత. పిడికిట్లోకి రానంత పొట్టి, పువ్వు నిలిచేంత పొడుగు. మెడ వెనక కాస్త పైకి, ముందు గడ్డం కిందికి వచ్చేలా అనిత ఏటవాలుగా దిద్దింది. తడిపి, గుండ్రటి బ్రష్షు మీద ఒక్కో పాయా చుట్టి, వేడిగాలి పట్టి, కొసలు లోపలికి తిరిగేలా చేసింది. రోజూ ఇవన్నీ చేయక్కర్లేదని, తలంటుకున్నాక చేత్తోనే కొసలు లోపలికి మడుచుకుంటే చాలని చెప్పింది. నడిమి పాపిట బదులు పక్క పాపిట తీస్తే ముఖం విడివడి కనిపిస్తుందంది. తీసింది కూడా. మరి పాపిట్లో కుంకుమ మాటేమిటని అద్దంలో చూసుకుని బాలమణి ఒక్క క్షణం తడబడింది. తర్వాత పక్క పాపిట మొదట్లోనే ఇంత దిద్దుకుంది. అక్కడ కూడా అది ఎర్రగానే ఉంది.

ఫోన్లో ఫొటో తీసి రుచితకు పంపింది. కాసేపటికి జవాబు వచ్చింది. "అమ్మా, ఇన్నేండ్లకు నీ మెడ కనవడ్డది."

అది చదివినప్పుడు మాత్రం బాలమణి ఏడ్చింది. దుఃఖంతో కాదు. ఆ మెడ ఎట్లా ఉంటుందో తనకూ ఇవాళే తెలిసింది.

జడను ఏం చేద్దామని అనిత అడిగింది. వెంట్రుకలు కొనేవాడికిస్తే మంచి ధర వస్తుందని, లేదంటే సవరం కట్టించుకోవచ్చని చెప్పింది. దీని మీద హక్కు ఉందనేవాడు ఒకడున్నాడని, అతనికే ఇస్తానని చెప్పి, బాలమణి దాన్ని పాత పేపర్లో చుట్టించుకుని సంచిలో పెట్టుకుంది.

ఇక కోహీర్ ట్రిప్పు సంగతి చెప్పాలి. ఆడమనిషి జుట్టు కురచ కనపడితే మన ఊళ్లలో మొక్కు అయినా అయుండాలి, రోగమైనా అయుండాలి. మూడో కారణం ఎవరి బుర్రకూ తట్టదు. గుండు కాదు గనుక మొక్కు కాదని జనం తేల్చుకున్నారు. మిగిలింది రోగం. బస్సులో మాటలు తగ్గాయి. టికెట్ అడగకముందే ఆడవాళ్లందరూ ఆధార్ కార్డులు తీసి పట్టుకున్నారు. శాంతమ్మ అని కోహీర్ జామకాయలు అమ్ముకునే ముసలామె, రోజూ సీటు కోసం కొట్లాడే మనిషి, లేచి నిలబడి తన సీట్లో బాలమణిని కూర్చోమంది. గంపలోంచి రెండు పండ్లు తీసి చేతిలో పెట్టింది. ఏ దవాఖానలో చూపిస్తున్నారని గుసగుసగా అడిగింది.

"నాకేం రోగం లేదమ్మా. మంచిగనే ఉన్న."

"మరెందుకు బిడ్డా గింత పని?"

"నాకు గిట్ల ఉండబుద్ధయింది."

శాంతమ్మ చాలాసేపు ఆ మాటను నమలుతూ నిలబడింది. రోగం లేకుండా, మొక్కు లేకుండా, ఊరికే బుద్ధయితే చేసుకోవచ్చా అన్నట్టు చూసింది. చివరికి తన సీటు తాను తీసుకుని కూర్చుంది. పండ్లు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

కబురు ఆమె ఇల్లు చేరకముందే మార్కెట్ యార్డు చేరింది. సాయంత్రం హుమ్నాబాద్ ట్రిప్పుకు బస్సు ప్లాట్‌ఫారం మీద ఆగేసరికి మల్లికార్జున్ నీలం బ్యాగుతో నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఆయనకు ఆమె డ్యూటీ తెలుసు, ఏ బస్సో తెలుసు. ఇంకో బస్సులో పోవచ్చు. కానీ ఆమె చూస్తుండగా పోతేనే కదా ఆమె ఆపుతుంది.

బాలమణికి భయమేసింది. దాచుకోవలసిన పనేముంది. ఇంట్లో అయితే ఏమయ్యేదో తెలియదు. కానీ ఇది బస్సు, ఒంటి మీద ఖాకీ ఉంది, చేతిలో మిషన్ ఉంది. ముందు నుంచి ఒక్కొక్కరికీ టికెట్ కొట్టుకుంటూ ఆయన దాకా వచ్చింది.

"ఏడికి?" అంది, అందరినీ అడిగినట్టే.

"హుమ్నాబాద్" అన్నాడు, చుట్టూ నలుగురికీ వినపడేలా. ఆమె ముఖం చూడలేదు. జుట్టు వైపే చూస్తున్నాడు. మిషన్ టికెట్ కాగితాన్ని బయటికి తోసింది. ఆయన అది అందుకుని మెల్లగా, ఇంట్లో జడ చుట్టి మాట్లాడే ఆ గొంతుతోనే అన్నాడు.

"ఇంగొకసారి ఆలోచించుకో బాలమణీ. దిగమంటె దిగుత."

"టికెట్ కొట్టిన. ఇగ దిగుడు, పోవుడు నీ ఇష్టం."

ఇంతకుముందు ఎన్నడూ ఆయనతో అట్లా మాట్లాడలేదు. మాట బయటికి వచ్చేశాక, ఇంత తేలికైన మాటకు ఇన్నేళ్లు పట్టిందా అని ఆశ్చర్యపోయింది. వెనక్కి తిరిగి తర్వాతి ప్యాసింజర్ దగ్గరికి నడిచింది.

హైవే మీద బస్సు వేగం అందుకుంది. బాలమణి టికెట్లన్నీ కొట్టి, ఆయన్ని దాటి మళ్లీ ముందుకు వస్తోంది. చిరాగ్‌పల్లి దగ్గరపడుతుండగా ఒక లారీ ఇండికేటర్ లేకుండా పక్కకు తిరిగితే సదాశివ గట్టిగా బ్రేకు కొట్టాడు. నిలబడ్డవాళ్లందరూ ముందుకు తూలారు. మల్లికార్జున్ చెయ్యి పైనున్న రాడ్ కోసం వెళ్లలేదు. అలవాటైన చోటికి వెళ్లింది. బాలమణి మెడ వెనక్కి చాచిన ఆ చేతికి ఒత్తైన కురచ జుట్టు తగిలి, వేళ్ల మధ్య నుంచి జారిపోయింది. పిడికిలి మూసుకుంది, అందులో ఏమీ లేదు. పట్టు దొరకక ఆయన కింది సంచులపై మోకాళ్ల మీద పడ్డాడు.

బాలమణి ఆయన్ని చూసింది. కసిగా చూడలేదు. రోజూ పడేవాళ్లను చూసినట్టే చూసింది.

"రాడ్ పట్టుకో" అంది.

బస్సంతా నవ్వింది. రోజూ నవ్వే నవ్వే అది, అందులో ఎగతాళి లేదు. ఆయనకు ఆ సంగతి తెలియదు. లేచి, పాంటు దులుపుకుని, మొదటిసారి ఆ ఇనుప కడ్డీని రెండు చేతులతో పట్టుకున్నాడు.

ఫ్రీ టికెట్ చెల్లే ఆఖరి ఊరు చిరాగ్‌పల్లిలో ఆడవాళ్లందరూ దిగిపోయారు. మల్లికార్జున్ కిటికీ పక్క సీట్లో కూర్చున్నాడు. బాలమణి సంచిలోంచి పేపర్ పొట్లం తీసి ఆయన పక్కన పెట్టింది. "గిది నీదంటివి గద, తీస్కపో" అంది. ఆయన విప్పి చూశాడు. మళ్లీ మూశాడు. రాష్ట్ర సరిహద్దు దాటేసరికి బాలమణి ముందుకు వెళ్లి చిల్లర లెక్కపెట్టుకుంటోంది.

హుమ్నాబాద్‌లో ఆయన నీలం బ్యాగు తీసుకుని ముందు తలుపు నుంచి దిగాడు. స్టాండు గేటు దాకా మెల్లగా నడిచాడు. పిలుపు కోసం మెల్లగా నడిచాడని ఆమెకు తెలుసు. బాధ కలగలేదంటే అబద్ధం. ఆదివారాల గోరువెచ్చని నూనె కూడా ఆ చేతిదే. కాళ్లు ఒకసారి మెట్టు దిగబోయాయి. ఆడబిడ్డ వాకిట్లో మోకాళ్ల మీద కూర్చున్న పొద్దు గుర్తొచ్చి అక్కడే ఆగాయి. సదాశివ అద్దంలోంచి అంతా చూస్తూనే ఉన్నాడు, జర ఆగుదామా అని అడిగాడు.

"టైమయింది. పోనియ్" అంది బాలమణి. విజిల్ ఊదింది.

చల్లగాలికి కిటికీ పక్క కూర్చుంటే జుట్టంతా ముఖం మీదికి వచ్చింది. అనిత చెప్పినట్టు చెవి వెనక్కి దోపుకుంది. మళ్లీ వచ్చింది. మళ్లీ దోపుకుంది. ఆ పనిలోనే చిరాగ్‌పల్లి దాటిపోయింది.

జహీరాబాద్‌లో బస్సు ఖాళీ అయ్యాక సీట్లన్నీ వెతికింది. మల్లికార్జున్ కూర్చున్న కిటికీ పక్క సీట్లో పొట్లం పెట్టింది పెట్టినట్టే ఉంది. ఆయన బ్యాగు మరిచిపోలేదు, వాటర్ బాటిల్ మరిచిపోలేదు. బాలమణి పొట్లం తీసుకుని బస్వరాజ్ గదికి వెళ్లింది. ఏమిటది అని కంట్రోలర్ అడిగితే, హుమ్నాబాద్‌లో దిగిన ప్యాసింజర్ వదిలిపెట్టిపోయిన సామాను అని చెప్పింది. ఎవరైనా వస్తారా దీనికోసం అన్నాడు. రారని చెప్పి, పొట్లం అరలో పెట్టి, ఇంటి తాళంచెవి చేతిలోకి తీసుకుని బయటికి నడిచింది.

టిఫిన్ డబ్బా ఈలోగా ఎవరో వచ్చి తీసుకుపోయినట్టున్నారు. ఖాళీ అయిన ఆ చోట, గొడుగుల పక్కన, చిరిగిన పేపర్లోంచి బయటికి వేలాడుతున్న జడ కొనకు ఎర్ర రబ్బరు బ్యాండు ఇంకా బిగుతుగానే ఉంది.